గుమ్మిగుండు ఎట్లున్నది?

మొన్న మాదాపూర్‌లో ఒక అద్దాల మేడకు నన్ను పిలిచారు. అందులో పనిచేసే పిల్లలు కొందరు అన్నాల వేళ ఒకచోట చేరి కథలు రాసుకుంటారట. కథ ఎలా రాయాలో చెప్పమని పిలుపు. బడికీ నాకూ ఆరో తరగతిలోనే తెగతెంపులైన సంగతి వాళ్లకు తెలియదనుకుంటాను. తెలిస్తే గేటు దగ్గర మెడలో ఆ పట్టీ వేసేవారు కాదు. పట్టీ మీద నా పేరు, పేరు కింద విజిటర్ అని ఉంది. ఆ నేల మీద నన్నలా పిలవడం చూసి నవ్వొచ్చింది. చెబితే వాళ్లకు అర్థం కాదు గనుక ఒక్కడినే నవ్వుకున్నాను.

ముందు వరసలో ఒక అమ్మాయి లేచింది. మాట తీరు చూస్తే గోదావరి వైపు మనిషి. "సార్, కథని 'వచ్చాడు, కూర్చున్నాడు' అని మొదలుపెడతానండి. రెండు పేరాలు దాటేసరికి నాకు తెలియకుండానే 'వస్తున్నాడు, కూర్చుంటున్నాడు'లోకి వెళ్లిపోతున్నాను. మళ్లీ వెనక్కొస్తాను. చదివినవాళ్లు తికమకపడుతున్నారండి. కథంతా ఒకే కాలంలో నిలబడాలంటే ఏం చెయ్యాలండి?" అంది. "సీటు బెల్టు పెట్టుకోమ్మా" అన్నాను. అందరూ నవ్వారు. జోకులు వేసే మనిషికి ఉన్న సుఖం ఇదే, జవాబు ఎగ్గొట్టినా చప్పట్లు పడతాయి. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. పెన్ను మూత తీసి, నేను చెప్పబోయేది రాసుకోవడానికి అలాగే చూస్తోంది. ఆ చూపు తప్పించుకోవడానికి కిటికీ వైపు తిరిగాను. కింద బారులు తీరిన కార్లు. మా నాయినమ్మ వీపు ఆనించి కూర్చున్న చోటు ఈ మేడ కింద కాకపోతే పక్క మేడ కింద ఉంటుంది. ఆ అమ్మాయి అడిగింది నాకు నేర్పింది నాయినమ్మే. నేర్చుకున్నందుకు నా దగ్గరినుంచి ఏం పోయిందో మాత్రం చాలా ఏళ్ల వరకు నాకు తెలియలేదు.

గుమ్మి అంటే వడ్లు పోసుకునే వెదురు గాదె. కడుపు ఉబ్బి, మూతి సన్నగా ఉంటుంది. అచ్చం ఆ ఆకారంలో ఉన్న పెద్ద బండరాయి మా ఇంటికి పడమట ఉండేది. దాన్ని గుమ్మిగుండు అనేవాళ్లం. గుండు దగ్గర్నుంచి నాలుగడుగులు వేస్తే మా గడప. ఇల్లంటే రెండు మట్టిగదులూ ఒక వసారా, అంతే. సాయంత్రం అమ్మ పొయ్యి ముట్టించి జొన్నరొట్టె చరుస్తుంటే నాయినమ్మ వెళ్లి గుండుకు వీపు ఆనించి కూర్చునేది. పగలంతా ఎండ తాగిన రాయి చీకటి పడ్డాక కూడా వెచ్చగా ఉండేది. ఆ వేడికి తన నడుం నొప్పి దిగుతుందని, దవాఖానలో ఇచ్చే గోలీలకంటే గుండే నయమని అనేది. రొట్టె కాలే వాసన, మేకల వాసన, చింతపండు పిసికిన చేతి వాసన, వీటన్నిటి కింద ఎండిన రాయి వాసన. మా ఇంటి సాయంత్రానికి అదే వాసన.

తర్వాత కంప్యూటర్లొచ్చాయి. కంప్యూటర్లకంటే ముందు డ్రిల్లింగు మిషన్లొచ్చాయి. పక్కవాళ్ల చేనులో ఉన్న ఇంకో గుండును పేల్చిన రోజు నాయినమ్మ అన్నం ముట్టలేదు. చావు జరిగిన ఇంట్లో కూర్చున్నట్టు వసారాలో కూర్చుని, "దాని జోడు వాయె, ఇగ మనది ఒంటిదాయె" అంది. మరుసటి రోజూ తినలేదు. అప్పటికే ఆమె కళ్లు మసకబారుతున్నాయి. కొన్నాళ్లకు పూర్తిగా పోయాయి. కంటి నరం ఎండిపోయిందని, చేసేదేమీ లేదని డాక్టరు చెప్పాడు. ఆ ఏడే ఇల్లూ గుండూ ఉన్న మా చెలక కూడా అమ్మాల్సి వచ్చింది. చుట్టూ అందరూ అమ్మాక మధ్యలో మేమొక్కళ్లం ఉండే దారి లేకపోయింది. మేం బోరబండలో కిరాయి ఇంటికి మారాం. మా గుండును కూడా పేల్చేస్తారని తెలిస్తే ముసలామె అన్నం మానేసి ప్రాణం తీసుకుంటుందని నాయిన భయం. అందుకే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, "దవాఖానకు దగ్గరైతదని వచ్చినమని జెప్పుండ్రి. ఇల్లు, గుండు ఆడనే ఉన్నయి. ఎవ్వలన్న నోరు జారిండ్రో, సూడుండ్రి మరి" అన్నాడు. చెల్లె లక్ష్మి తలూపింది, నేనూ ఊపాను. అమ్మ ఊపలేదు. "కండ్లు లేనిదాన్ని ఇంక గుడ్డిదాన్ని జేస్తరా?" అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

నేనప్పుడు ఆటో నడిపేవాణ్ని. మాదాపూర్ బేరాలే ఎక్కువ. టై కట్టుకుని, బెల్టుకు పేజర్ తగిలించుకున్న పిల్లలు బండరాళ్ల మధ్య దిగి, ఆఫీసు ఎటువైపు అని మేకలను అడుగుతారా అన్నట్టు దిక్కులు చూసేవారు. సాయంత్రం ఇంటికి రాగానే నాయినమ్మ అడిగేది.

"సాయిగా, గుండు దిక్కు వోయినవా?"

"పోయిన."

"ఎట్లున్నది?"

"మంచిగనే ఉన్నది. నర్సమ్మ వస్తలేదేందని నీ గురించే అడుగుతున్నది."

"వేషాలెయ్యకు. ఎట్లున్నదో జెప్పు."

ఆ రోజు పొద్దున్నే గుండుకు రంధ్రాలు వేయడం మొదలుపెట్టారు. మధ్యాహ్నానికి సగం లేదు. ఆ సగం కూడా పోయాక చెప్పడం సులువవుతుందనుకున్నాను, కానీ అప్పుడే కష్టమైంది. ఉన్నదాన్ని ఉన్నదంటే ఎవరైనా నమ్ముతారు. లేనిదాన్ని ఉన్నదనాలంటే అక్కడ మేక కావాలి, మేకకు నీడ కావాలి, నీడకు వేళ కావాలి. ఒకరోజు, "గుండు పడమటి దిక్కు నీడల మేకలు పండుకున్నయి నాయినమ్మా" అని ఊపు మీద చెబుతున్నాను.

"ఏ యాళ్లకు వోయినవు?" అంది.

"పొద్దుగూకే ముందల."

"పొద్దుగూకేటప్పుడు నీడ మనింటి మీద వడాలె గని, పడమట యాడికెల్లి వచ్చిందిరా? సూర్యుడు గూడ నీ లెక్క బడి ఎగ్గొట్టిండా?"

లక్ష్మి కిసుక్కున నవ్వింది. నాయినమ్మ నవ్వలేదు. నా చెయ్యి వెతికి పట్టుకుని, "ఇగో, జర నా మాటిను. నువ్వు యాడ నిలవడ్డవో ముందుగాల అది జెప్పు. ఆణ్నించి నీ కండ్లకు కనవడేదే జెప్పు. ఎనుకటిది నాకెరికే. రేపటిది నీకెరికలేదు. గా రెండిట్ల జొరవడకు. ఇప్పుడు ఎట్లున్నది, గంతే" అంది.

ఆ తర్వాత కథల గురించి ఎవరు ఏం చెప్పినా నాకు దానికంటే ఎక్కువ అర్థం కాలేదు. ఆ మాటనే ఆయుధంలా పట్టుకున్నాను. రోజూ ఆటో మిషన్ల పక్కన ఆపి, కళ్లు మూసుకుని, ఇప్పుడు నేను వసారాలో నిలబడ్డాను, ఇప్పుడు పరుపుబండ మీద నిలబడ్డాను అని చోటు ఎంచుకునేవాణ్ని. ఆ చోటునుంచి కనిపించేదే రాత్రికి చెప్పేవాణ్ని. తొండ దండీలు తీస్తోంది. ఒక మేక గుండెక్కి దిగలేక నన్ను బూతులు తిడుతోంది. టై కట్టుకున్న పిల్లగాడొకడు గుండుకు చుట్టూ తిరిగి తలుపెక్కడుందో వెతుకుతున్నాడు. నాయినమ్మ పడీ పడీ నవ్వేది. ఒక్కసారి మాత్రం నోరు జారాను. "గుమ్మిగుండు శాన ఎత్తుండె" అన్నాను. ఆమె చేతిలో రొట్టెముక్క ఆగిపోయింది. నాయిన నావైపు చూసిన చూపు ఇప్పటికీ నా వీపు మీద ఉంది. "ఉండె అంటున్నవేందిరా?" అంది నాయినమ్మ. "నా చిన్నప్పుడు ఎత్తుండె. ఇప్పుడు నేనే తాడిచెట్టు లెక్క వెరిగిన గద, అది గుజ్జుగ కనవడ్తున్నది" అన్నాను. రొట్టెముక్క నోట్లోకి పోయింది.

నాయిన అప్పుడు అక్కడే కూలికి పోతుండేవాడు. పేల్చిన రాళ్లను ట్రాక్టర్లకెత్తే పని. వాటిలో మావి ఏవో, పరాయివి ఏవో ఆయనెప్పుడూ చెప్పలేదు. ఇంటికొచ్చి నల్లా దగ్గర ఎంత తోముకున్నా జుట్టులో రాతిపొడి మిగిలేది. ఆయన పక్కన కూర్చుంటే నాయినమ్మ ముక్కు ఎగబీల్చి నాతో గుసగుసగా, "మీ నాయిన గూడ రోజు గుండు కాడికి వోతుండురా. నాకు జెప్పడు. ఈని మీద గుండు వాసనొస్తది" అనేది. నాయిన వినీ విననట్టు బీడీ ముట్టించుకునేవాడు. అబద్ధాలన్నీ నేను చెబుతుంటే నిజమంతా ఆయన ఒంటి మీద ఉండేది.

నేను చెప్పేది వినడానికి మా వాకట్లోకి ముందుగా వచ్చి చేరినవాడు మల్లయ్య కాక. మా పక్క చేను ఆయనదే. ఆయన కూడా అమ్ముకుని మా గల్లీలోనే కిరాయికి ఉండేవాడు. తన చేనులో లేచిన మేడకే వాచ్‌మన్‌గా కుదిరాడు. మొదట్లో గడపలో కూర్చుని, నేను చెబుతుంటే కన్నుకొట్టి నవ్వేవాడు. కొన్నాళ్లకు నవ్వడం మానేశాడు. ఆ తర్వాత, "అవ్ పెద్దమ్మా, ఆ తొండను నేన్ గూడ జూసిన" అని కలపడం మొదలుపెట్టాడు. ఒకరోజు నేనింకా ఆటో ఆపకముందే ఎదురొచ్చి, "ఇయ్యాల ఎట్లున్నదిరా?" అన్నాడు. నాయినమ్మ అక్కడ లేదు. మేమిద్దరమే. ఆయన ఒంటి మీద కంపెనీ యూనిఫాం ఇంకా ఉంది, భుజం మీద బిళ్ల ఉంది. ఆ గుండును పేలుస్తున్నప్పుడు నా పక్కనే నిలబడి చెవులు మూసుకున్న మనిషి. "జోకా కాకా?" అన్నాను. "జోకేందిరా, అడుగుతున్న గద" అన్నాడు. ఆయన కళ్లలోకి చూసి, గుండు ఎట్లున్నదో చెప్పాను. ఆ తర్వాత ఇంకా ఇద్దరు ముగ్గురు వచ్చేవారు, అందరూ చేన్లు అమ్ముకున్నవాళ్లే. నేను నోరు తెరవగానే అమ్మ లోపల గిన్నెలు దబదబా కడిగేది. మా ఇంట్లో నా కథలు వినని మనిషి ఆమె ఒక్కతే.

మోదుగ చెట్టు పుట్టింది ఆ రోజుల్లోనే. ఎండాకాలం, చెప్పడానికేమీ తోచక, గుండు మొదట్లో పగులులోంచి మోదుగ మొక్క లేచిందన్నాను. అక్కడ మోదుగ ఎప్పుడూ లేదు. లేచిన మొక్కను మళ్లీ లేదనలేం గనుక అది పెరిగింది. వానకు ఆకులేసింది, చలికి రాల్చింది, మూడో ఏటికి ఎర్రగా పూసింది. గడపలో కూర్చున్నవాళ్లంతా తమ ఇంట్లో పెళ్లి కుదిరినట్టు మురిశారు. "నాకొక్క పువ్వు తేరా" అంది నాయినమ్మ. నల్లగండ్ల వైపు అప్పట్లో అంతా తుప్పలూ గుండ్లే, మోదుగలకు కొదవ లేదు. ఆటో అటు తిప్పి గుప్పెడు పూలు తెచ్చి ఆమె ఒళ్లో పోశాను. వాటిని వేళ్లతో తడిమి తడిమి, చెంపకు ఆనించుకుని, "నన్ను తీస్కపో" అంది.

ఇంట్లో పెద్ద పంచాయితీ అయింది. ఆమె మళ్లీ అన్నం దగ్గర బెట్టు చేసింది. చివరికి పూలు తెచ్చిన చోటికే తీసుకుపోదామని తేల్చాం. అక్కడ గుమ్మి అంత కాకపోయినా వీపు ఆనించే గుండొకటి, దాని పక్కన మోదుగ చెట్టు ఉన్నాయి. సాయంత్రం పూట నా ఆటోలో నాయినమ్మ, అమ్మ, నాయిన, నా పక్కన సగం బయటికి వేలాడుతూ మల్లయ్య కాక. "ఇంత దూరమేందిరా?" అంది నాయినమ్మ. "రోడ్లేస్తుండ్రు, సుట్టు తిరిగి పోతున్నం" అన్నాను. అమ్మ దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు.

దింపాం. నాయినమ్మ రెండు చేతులూ చాచి గుండును ముట్టుకుంది. అరచేతులు రాయి మీద నెమ్మదిగా పాకించి, తిరిగి వీపు ఆనించి, జారుకుంటూ కూర్చుంది. "వెచ్చగున్నది" అంది. మోదుగ కొమ్మ వంచి చేతికిచ్చాను. పూలు తడిమింది. మల్లయ్య కాక మొహం పక్కకు తిప్పుకున్నాడు. నాయిన తలపాగా విప్పి కళ్లు తుడుచుకున్నాడు. గెలిచామనుకున్నాం. పొద్దు దిగేదాకా అలా కూర్చుని, ఆమె లేచింది. చీర దులుపుకుంది. గుండు మీద ఒక చెయ్యి ఉంచి తూర్పుకు తిరిగి, "ఇంట్లకు వోతున్న. జర నీళ్లు తాగొస్త" అంది.

గుండు వెతికాం, చెట్టు వెతికాం. గుండు పక్కన ఇల్లుంటుందన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆమె అడుగులేసింది. కళ్లున్నవాళ్లకంటే ధైర్యంగా, కర్ర లేకుండా, కోడలిగా కాలుపెట్టిన నాటినుంచీ వేసిన అడుగులే వేసింది. ముందు వట్టి తుప్పలు. ఆగమని ఎవరైనా అనొచ్చు. రోజూ ఊరంత నోరేసుకుని తిరిగే నేను మోదుగ కొమ్మ పట్టుకుని నిలబడ్డాను. నాయిన రాయైపోయాడు. ఆమె నిలబడింది. తలుపు తొయ్యడానికి చెయ్యి ఎత్తి ముందుకు చాచింది.

"తాళమేసున్నది అత్తా."

అమ్మ గొంతు. ఎప్పుడు వెళ్లిందో, నాయినమ్మ ముందర, ఆ చేతికి జానెడు దూరంలో నిలబడి ఉంది.

"తాళమా?" నాయినమ్మ చెయ్యి గాలిలోనే ఉంది. "మనింటికి తాళం ఎప్పుడేసినం సత్తెమ్మా?"

"మనం వోయినంక మల్లొచ్చి ఏసిన. పరాయోళ్లు ఎక్కువైండ్రు గద, భయమై ఏసిన. తాళంచెవి బోరబండల మర్సిన."

నాయినమ్మ ఆ చేతిని అలాగే ఉంచి కాసేపు నిలబడింది. "మంచి పని జేసినవు బిడ్డా" అని చెయ్యి దించింది. ఉన్నచోటే, మా వసారా ఉండాల్సిన చోట, గడ్డిలో కాసేపు కూర్చుంది. అమ్మ ఆమెను పట్టుకుని ఆటో దాకా నడిపించింది. తిరిగి వచ్చేటప్పుడు అమ్మ చెయ్యి నాయినమ్మ చేతిలోనే ఉంది. చల్లబడి ఉందని ఇంటికెళ్లాక నాయినమ్మే చెప్పింది.

ఆ తర్వాత ఆమె గుండు సంగతి అడగలేదు. "ఇల్లెట్లున్నది?" అని అడిగేది. "తాళమేసున్నది నాయినమ్మా" అనేవాణ్ని. "గంతే గద, తాళమేసినంక నీకేం కనవడ్తది" అని నన్నే ఓదార్చేది. బయట నిలబడ్డవాడు లోపలి సంగతి చెప్పకూడదు, ఆ కట్టుబాటు పెట్టింది ఆమే. కథ రోజురోజుకూ చిన్నదైపోయింది. గడపలోకి జనం రావడం తగ్గింది. మోదుగ మళ్లీ పూతకు రాకముందే నాయినమ్మ పోయింది.

దినాలయ్యాక కూడా మల్లయ్య కాక కొన్నాళ్లు వచ్చి గడపలో కూర్చునేవాడు. చెప్పడానికి నాకు నోరు రాలేదు, అందుకే రాయడం మొదలుపెట్టాను. 'గుండు ఉన్నది' అనే రాశాను. వారపత్రికవాళ్లు కథ బాగుందని చెప్పి, కాలాలు కలగాపులగమయ్యాయని అన్నిటినీ 'ఉండేది' అని దిద్ది అచ్చువేశారు. వాళ్ల తప్పేమీ లేదు, చదవడానికి సాఫీగా ఉంది. అచ్చులో వరసగా ఉండేది, ఉండేది అని చదువుకుంటుంటే ఈల వేసి, దూరం జరగమని కేకేసి, అప్పుడు పేల్చిన చప్పుడు వినిపించింది. నేను గుండు పోయినందుకు ఏడ్చింది ఆ రోజే.

ఇప్పుడు మాదాపూర్‌లో దారి అడిగితే ఫోను చెబుతుంది. అప్పుడు గుండు చెప్పేది, గుండు పోయాక కొన్నాళ్లు నేను చెప్పాను. నన్ను భయపెట్టేది మేడలు కాదు. లక్ష్మి తన పిల్లలకు మోకాలి మీది మచ్చ చూపించి, గుమ్మిగుండు పక్కన మోదుగ ఎక్కుతుంటే పడ్డానని చెబుతుంది. మల్లయ్య కాక పోయేముందు మంచంలో, ఆ మోదుగాకులతోనే తన పెళ్లికి విస్తళ్లు కుట్టారన్నాడు. నేను ఎవరినీ దిద్దలేదు. ఎలా దిద్దను? కళ్లు మూసుకుంటే నాకూ చెట్టుతో సహా కనిపిస్తుంది. చెట్టు తీసేసి చూద్దామని ఎన్నిసార్లు కూర్చున్నానో. చెట్టుతో పాటు గుండు కూడా పోతుంది. ఫొటో ఒక్కటీ లేదు. ఒక ముసలామె కోసం 'ఉన్నది' అంటూ పోయాను, నిజంగా ఉండిన గుండు ఎక్కడో దారిలో జారిపోయింది.

ఆ అమ్మాయికి నాయినమ్మ మాటే చెప్పి, అద్దాల మేడనుంచి ఆ రోజు తిన్నగా ఇంటికొచ్చాను. మేముండేది ఇప్పుడు నల్లగండ్లలో, ఆనాటి మోదుగల వైపే. అమ్మ బాల్కనీలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా కథలు వినని మనిషి, నా అబద్ధాలు అంటని మనిషి. ఈ ప్రశ్న ఇన్నేళ్లూ ఆమెను అడగకుండా దాచుకున్నాను. ఆ జవాబు కూడా పోతే ఇక అడగడానికి ఎవరూ లేరు.

"అమ్మా, నిజం జెప్పు. గుమ్మిగుండు కాడ మోదుగ చెట్టు ఉండెనా?"

"మోదుగేంది, లేకుండె. ఒట్టి గుండే" అంది, తలెత్తకుండానే.

నాకు కాళ్ల కింద నేల తగిలినట్టయింది. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను. అమ్మ చేతిలో చిక్కుడుకాయ సగం ఒలిచి ఆగింది. కింద, అపార్ట్‌మెంట్ల మధ్య ఎక్కడో చూస్తోంది.

"గని తలుపున్నది" అంది.

"ఏ తలుపమ్మా?"

"అగో, ఆ దినం నేను తాళమేసిన తలుపు. ఈడనే ఏడనో ఉన్నది. మీ నాయినమ్మ గట్లనే చెయ్యి జాపి నిలవడ్డది. నీళ్లు తాగాలెనంటది." చీర కొంగు తీసి, దాని అంచును వేళ్లతో ఒక్కో మడతా తడుముతూ, "ఆ తాళంచెవి యాడ వెట్టిన్నో, దేవులాడుతనే ఉన్న బిడ్డా" అంది.